ఎక్సెల్‌లో సున్నా వస్తోంది, మరి కుజుడి గాలి ఎలా పోయినట్టు?

విభాగం: ఆకాశం, విశాఖ సభ్యులు

#1 గాజువాక_గణితం (శనివారం రాత్రి 9:12)

గ్రహాల గాలి అంతరిక్షంలోకి జారిపోయే లెక్కను ఒక షీట్‌లో వేస్తున్నాను. గ్రహం పలాయన వేగాన్ని (గురుత్వం నుంచి తప్పించుకోడానికి కావలసిన వేగం) అణువు అత్యధిక సంభావ్య వేగంతో (ఎక్కువ అణువులకు ఉండే వేగం) భాగించి వర్గం చేశాను. దాన్ని లాంబ్డా అందాం. మైనస్ లాంబ్డాకి ఎక్స్‌పోనెన్షియల్ తీస్తే తప్పించుకునే అణువుల వాటా తెలియాలి కదా?

భూమి, నైట్రోజన్: 288 కెల్విన్, 11.19 కి.మీ/సె. అణువు వేగం 413.5 మీ/సె. లాంబ్డా 732. జవాబు గడిలో 0.

కుజుడు, కార్బన్ డయాక్సైడ్: 210 కెల్విన్, 5.03 కి.మీ/సె. అణువు వేగం 282 మీ/సె. లాంబ్డా 318. జవాబు 10⁻¹³⁸ దరిదాపు.

దీని ప్రకారం కుజుడి మీద ఒక్క అణువు కూడా కదలకూడదు. కానీ అక్కడి గాలి మన గాలిలో నూరో వంతు కూడా లేదు, 6 మిల్లీబార్లే. ఇంకో తిరకాసు: చంద్రుడి పలాయన వేగం 2.38, శని గ్రహపు ఉపగ్రహం టైటాన్‌ది 2.64. రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఒకరికి గాలే లేదు, రెండోవారికి మనకంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువ పీడనం! తప్పు ఎక్కడుంది?

#2 లాసన్స్‌బే_లాంబ్డా (రాత్రి 9:31)

భూమి గడిలో సున్నా ఎక్సెల్ చేతకానితనం. అసలు జవాబు 10⁻³¹⁸. ఎక్సెల్ 2.2 × 10⁻³⁰⁸ కంటే చిన్న సంఖ్యను పట్టుకోలేక సున్నా చేసేస్తుంది. ఘాతాంకాన్ని 2.3026తో భాగించి పది ఘాతంగా రాసుకుంటే ఈ బాధ ఉండదు.

అయితే అది చిన్న సంగతి. అసలు పొరపాటు, మీరు నేల మీద ఉష్ణోగ్రత వేశారు. నేల మీద నుంచి ఏ అణువూ పారిపోదండీ. సముద్రమట్టంలో ఒక అణువు మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా పోకుండానే ఇంకోదాన్ని గుద్దుకుంటుంది. ఎంత వేగం ఉన్నా ఏం లాభం, జగదాంబ జంక్షన్‌లో పండగ రద్దీలో పరుగు పెట్టినట్టే.

#3 వాల్తేరు_అయాన్ (రాత్రి 10:05)

లాంబ్డా గారు చెప్పినదానికి కొనసాగింపు. లెక్క వేయాల్సిన చోటు ఎక్సోబేస్. ఒక అణువు ఢీకొనకుండా పోగల సగటు దూరం, అక్కడి గాలి స్కేల్ ఎత్తుతో (ఎంత పైకి వెళితే గాలి సాంద్రత మూడో వంతు దరిదాపుకు పడిపోతుందో ఆ ఎత్తు) సమానమయ్యే మట్టం అది. దాని పైన పైకి విసిరిన పరమాణువు మళ్ళీ దేన్నీ తాకదు. వేగం చాలితే పోతుంది, చాలకపోతే రాయిలా వెనక్కి పడుతుంది. భూమికి ఈ మట్టం సుమారు 500 కి.మీ ఎత్తున ఉంటుంది, సూర్యుడి ఉగ్రతను బట్టి మారుతుంది.

షీట్‌లో మార్చాల్సినవి మూడు. దూరం గడిలో గ్రహ వ్యాసార్థానికి 500 కలపండి (6,871 కి.మీ), పలాయన వేగం 11.19 నుంచి 10.77కి తగ్గుతుంది. ఉష్ణోగ్రత 288 తీసేసి 1000 కెల్విన్ పెట్టండి. ద్రవ్యరాశి గడిలో అణువు బదులు పరమాణువు పెట్టండి, అంత ఎత్తులో అతినీలలోహిత కిరణాలు అణువులను చాలావరకు చీల్చేసి ఉంటాయి. అప్పుడు వచ్చేవి:

హైడ్రోజన్: వేగం 4.06 కి.మీ/సె, లాంబ్డా 7
హీలియం: వేగం 2.04, లాంబ్డా 28
ఆక్సిజన్: వేగం 1.02, లాంబ్డా 112

ఆక్సిజన్‌కి వాటా 10⁻⁴⁹. అంటే వేడి వల్ల ఆక్సిజన్ పోవడం భూమి మీద జరగదు. హైడ్రోజన్‌కి వెయ్యిలో ఒకటి దరిదాపు. అది నిరంతరం కారుతూనే ఉంటుంది, సెకనుకు సుమారు 3 కిలోలు.

వాటాను ప్రవాహంగా మార్చాలంటే జీన్స్ సూత్రం వాడాలి: ఎక్సోబేస్ దగ్గర సాంద్రత, గుణించు వేగం, భాగించు π వర్గమూలానికి రెట్టింపు, గుణించు (1 + లాంబ్డా), గుణించు ఎక్స్‌పోనెన్షియల్. ఆ (1 + లాంబ్డా) మరిచిపోతే హైడ్రోజన్ విషయంలో ఎనిమిదింతలు తక్కువ వస్తుంది. చాలామంది జారిపడే మెట్టు అది.

#4 సీతమ్మధార_సందేహం (రాత్రి 10:22)

1000 కెల్విన్ అంటే 727 డిగ్రీలు కదండీ. అంతరిక్ష కేంద్రం 400 కి.మీ ఎత్తులోనే తిరుగుతోంది. కరిగిపోవద్దా?

#5 లాసన్స్‌బే_లాంబ్డా (రాత్రి 10:40)

కరగదు. అక్కడ ఉష్ణోగ్రత అంటే పరమాణువుల వేగం అంతే. అవి పలచగా ఉండటంతో మొత్తం వేడి నామమాత్రం.

సూర్యుడు నెమ్మదిగా ఉన్నప్పుడు పై పొర 700 కెల్విన్ దాకా చల్లబడుతుంది, రెచ్చిపోయినప్పుడు 1500 దాటుతుంది. వేడెక్కితే ఉబ్బుతుంది. 1979లో స్కైలాబ్ నెత్తిన పడుతుందని మన ఊళ్ళలో జనం హడలెత్తిపోయారే, దానికి కారణం ఇదే. సూర్యుడి జోరుకి పైగాలి ఉబ్బి, రాపిడి పెరిగి, అనుకున్నదానికంటే ముందే జులై 11న కూలింది.

#6 గాజువాక_గణితం (ఆదివారం ఉదయం 7:50)

భూమి వరుస సరిపోయింది, ధన్యవాదాలు. ఇదే పద్ధతిలో కుజుడికి 200 కి.మీ ఎత్తు, 200 కెల్విన్ పెట్టాను. పలాయన వేగం 4.89, హైడ్రోజన్ వేగం 1.82, లాంబ్డా 7.2. భూమికి 7, కుజుడికి 7.2! ఈసారి ఏ గడి తప్పిందో కనబడటం లేదు.

#7 వాల్తేరు_అయాన్ (ఉదయం 8:35)

ఏ గడీ తప్పలేదు. "కుజుడు చిన్నవాడు, అందుకే గాలిని నిలుపుకోలేకపోయాడు" అనే ఒక్క ముక్కతో సరిపెట్టేవాళ్ళకి చూపించాల్సిన లెక్క ఇది.

కుజుడి గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడ్. కింద అది వేడిని పట్టి ఉంచుతుందని అందరికీ తెలుసు. పైన పలుచటి గాలిలో మాత్రం అదే వాయువు 15 మైక్రాన్ల పరారుణ కాంతిగా వేడిని వెళ్ళగక్కి చల్లబరుస్తుంది. అందుకే అక్కడి పై పొర మన పై పొర కంటే బాగా చల్లన. ఎక్కువ వేడి రోజుల్లో 270 కెల్విన్ దాకా పోవచ్చు, అంతే.

మరి ఆక్సిజన్ ఎలా పోయింది? ఇక్కడ ఉష్ణోగ్రతను పక్కన పెట్టి ఒకే ఒక్క అయాన్‌ను చూడండి. సూర్యకాంతి కార్బన్ డయాక్సైడ్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. ఆ అయాన్ దగ్గరలోని ఆక్సిజన్ పరమాణువుతో కలిసి, ఆక్సిజన్ అణు అయాన్‌గా మారుతుంది. కుజుడి అయనావరణంలో (అయాన్లుండే పైపొరలో) ముఖ్య అయాన్ ఇదే. దీన్ని ఒక ఎలక్ట్రాన్ వచ్చి కలిసిందా, తటస్థ అణువుగా నిలవదు, రెండుగా పగులుతుంది. విడుదలయ్యే శక్తి ఎక్కువలో ఎక్కువ 7 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం). రెండు ముక్కలూ సమాన బరువు కాబట్టి చెరి సగం: 3.5. ఆ శక్తితో ఆక్సిజన్ వేగం సెకనుకు 6.5 కి.మీ.

ఇప్పుడు కావలసిన శక్తి చూడండి. ఎక్సోబేస్ దగ్గర ఆక్సిజన్ పరమాణువు తప్పించుకోవాలంటే:

కుజుడు: 2.0 ఎలక్ట్రాన్ వోల్టులు
శుక్రుడు: 8.6
భూమి: 9.6

చేతిలో ఉన్నది 3.5. కుజుడి దగ్గర చెల్లుతుంది, మిగతా రెండు చోట్లా చెల్లదు. కుజుడు చిన్నవాడు కావడం పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే.

పగిలే తీరును బట్టి ఒక్కో ముక్కకు 3.5, 2.5, 1.5, 0.4 ఇలా నాలుగు రకాలుగా శక్తి రావచ్చు. మొదటి రెండే ఉపయోగం. అదీ ఎక్సోబేస్ పరిసరాల్లో పగిలి, పైకి తిరిగిన ముక్క అయితేనే. లోతులో పగిలితే నాలుగు గుద్దులకు వేగం అంతా పోతుంది.

#8 సీతమ్మధార_సందేహం (ఉదయం 9:10)

ఇంత లెక్క ఎందుకు మాస్టారూ? కుజుడికి అయస్కాంత క్షేత్రం చచ్చిపోయింది, సౌర పవనం (సూర్యుడి నుంచి వీచే ఆవేశిత కణాల ప్రవాహం) వచ్చి గాలిని ఊడ్చుకుపోయింది. పిల్లల పుస్తకాల్లో కూడా ఉన్నాది కదా.

#9 ఋషికొండ_రాత్రి (ఉదయం 9:24)

శుక్రుడికీ అయస్కాంత క్షేత్రం లేదు. సూర్యుడికి మనకంటే దగ్గర. గాలి 92 బార్లు.

#10 వాల్తేరు_అయాన్ (ఉదయం 11:15)

ఋషికొండ గారు రెండు ముక్కల్లో తేల్చేశారు గానీ, సందేహం గారి మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని విడదీద్దాం.

క్షేత్రం లేని గ్రహానికి సౌర పవనం నేరుగా అయనావరణాన్ని తాకుతుంది. సెకనుకు సుమారు 400 కి.మీ వేగంతో వస్తుంది (హుద్‌హుద్ తుఫాను గాలి గంటకు 185 కి.మీ, అంటే సెకనుకు 0.05. పోలికే లేదు). పైపొరలో అయాన్‌గా మారిన పరమాణువును ఆ పవనంలోని విద్యుత్ క్షేత్రం పట్టి లాక్కుపోతుంది. లాక్కుపోయిన అయాన్లలో కొన్ని తిరిగి వాతావరణం మీదకే వచ్చి పడతాయి. క్యారమ్ బోర్డులో స్ట్రైకర్ తగిలి కాయలు చెదిరినట్టు, తటస్థ పరమాణువులు ఎగిరిపోతాయి. దీన్ని స్పటరింగ్ అంటారు. ఆర్గాన్ లాంటి జడవాయువు పోవడానికి ముఖ్యమైన దారి ఇదే.

ఇక మిగతా సగం. అయస్కాంత క్షేత్రం పూర్తి గొడుగు కాదు. దాని బలరేఖలు ధ్రువాల దగ్గర అంతరిక్షంలోకి తెరుచుకుని ఉంటాయి. అక్కడ తేలికైన ఎలక్ట్రాన్లు ముందు పైకి పోతుంటే, బరువైన అయాన్లు వెనకబడతాయి. రెంటి మధ్యా చిన్న విద్యుత్ క్షేత్రం పుట్టి అయాన్లను పైకి లాగుతుంది. 2022 మే 11న ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవుల నుంచి ఎగిరిన ఎండ్యూరెన్స్ రాకెట్ దాన్ని కొలిచింది. 248 నుంచి 768 కి.మీ ఎత్తుల మధ్య తేడా 0.55 వోల్టు, గడియారం సెల్‌లో మూడో వంతు. కానీ హైడ్రోజన్ అయాన్ తప్పించుకోడానికి కావలసింది 0.6 ఎలక్ట్రాన్ వోల్టే! గురుత్వం కిందకి లాగే బలానికి పదింతలు పైకి లాగుతోంది.

పైగా పెద్ద అయస్కాంత క్షేత్రం అంటే సౌర పవనానికి అడ్డుగా నిలబడే పెద్ద తెరచాప కూడా. పట్టిన శక్తిలో కొంత ధ్రువాల మీదకి దిగుతుంది. ఈ రోజు భూమి, శుక్రుడు, కుజుడు మూడూ పోగొట్టుకుంటున్న అయాన్ల లెక్క తీస్తే ఒకదానికొకటి మరీ దూరంగా లేవు. కాబట్టి "క్షేత్రం ఉంటే గాలి ఉంటుంది, లేకపోతే పోతుంది" అనే సూత్రాన్ని షీట్‌లో పెట్టకండి.

#11 గాజువాక_గణితం (మధ్యాహ్నం 2:30)

నాసా కుజుడి దగ్గరకు పంపిన మేవెన్ నౌక కొలిచిన మొత్తం నష్టం సెకనుకు 2 నుంచి 3 కిలోలు అంటారు కదా. 2.5 వేసి 400 కోట్ల ఏళ్ళకు గుణించాను: 3.2 × 10¹⁷ కిలోలు. కుజుడి ఉపరితలం మీద పరిస్తే చదరపు మీటరుకు 2,200 కిలోలు. అక్కడి గురుత్వం 3.71తో గుణిస్తే 82 మిల్లీబార్లు. ఒకప్పుడు నదులు పారడానికి ఒక బార్ దాకా ఉండాలంటారు. మిగతాది ఏమైపోయింది?

#12 ఎర్రమట్టిదిబ్బలు (మధ్యాహ్నం 3:48)

ఈ గుణకారంలో మెలిక, నేటి రేటును నాలుగు వందల కోట్ల ఏళ్ళూ అదే అనుకోవడం. 400 కోట్ల ఏళ్ళ కిందట సూర్యుడి వెలుగు ఇప్పటికంటే తక్కువే గానీ, గాలిని చీల్చే తీవ్ర అతినీలలోహిత కాంతి పదింతలకు పైగా ఉండేది. సౌర తుఫాన్లూ ఎక్కువే. 2015 మార్చిలో ఒక తుఫాను కుజుణ్ణి తాకినప్పుడు అయాన్ల నష్టం ఎగబాకడాన్ని మేవెన్ చూసింది. ఆ రోజుల్లో అలాంటివి మామూలు.

ఇంకో చిన్న మాట. మీ 2.5 కిలోలలో ఉన్నది హైడ్రోజన్, ఆక్సిజన్. అందులో నీటి వాటా కూడా ఉంది, అంతా కార్బన్ డయాక్సైడ్ ఖాతాలో రాయకూడదు.

రేట్లను నమ్మడం కష్టం కాబట్టి, పోయిన దాని జాడను మిగిలిన దానిలో వెతుకుతారు. ఆర్గాన్ దేనితోనూ కలవదు, రాయిలోకి ఇంకదు, మంచుగా గడ్డకట్టదు. పోతే పైకే పోవాలి. దాని స్థిర ఐసోటోపుల్లో (బరువులో తేడా ఉన్న రూపాల్లో) 36, 38 అనే రెంటిని పోలుస్తారు. బరువు తేడాతో విడిపోతాయి కాబట్టి ఎక్సోబేస్ దగ్గర తేలికైన 36 వాటా ఎక్కువగా ఉంటుంది, అదే ఎక్కువగా పోతుంది. వెనక 38 పోగవుతుంది. చెరిగిన చేటలో గట్టిగింజ మిగిలినట్టు. ఆ నిష్పత్తిని బట్టి 2017లో మేవెన్ బృందం లెక్కతేల్చింది: కుజుడి ఆర్గాన్‌లో సుమారు మూడింట రెండొంతులు అంతరిక్షం పాలైంది.

మన మంగళయాన్ కూడా 2014 సెప్టెంబరు 24న, మేవెన్ వెనకాలే, కక్ష్యలో చేరింది. అందులోని మెన్కా పరికరం ఈ బహిరావరణ వాయువులను తూచడానికే. తిరువనంతపురంలోని అంతరిక్ష భౌతిక ప్రయోగశాలలో తయారైంది.

#13 సీతమ్మధార_సందేహం (సాయంత్రం 5:02)

ఒప్పుకున్నానండీ. టైటాన్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

#14 లాసన్స్‌బే_లాంబ్డా (సాయంత్రం 5:40)

టైటాన్ ఎక్సోబేస్ చాలా ఎత్తు, దాదాపు 1,450 కి.మీ. అక్కడ పలాయన వేగం 2.1 కి.మీ/సె కే దిగుతుంది. ఉష్ణోగ్రత 150 కెల్విన్ వేస్తే నైట్రోజన్ లాంబ్డా సుమారు 50. వేడికి పోయేది శూన్యం. సూర్యుడికి దూరం కావడంతో చీల్చే కాంతి కూడా భూమికి అందేదానిలో నూరో వంతుకు అటూ ఇటూ.

చంద్రుడి విషయంలో తమాషా ఉంది. పట్టపగలు 390 కెల్విన్ వేసినా ఆర్గాన్ లాంబ్డా 35. లెక్క ప్రకారం ఆర్గాన్ ఉండిపోవాలి! ఉండదు, ఎందుకంటే కాంతి దాన్ని అయాన్‌గా మార్చగానే సౌర పవనం ఎత్తుకుపోతుంది. చంద్రుడి లోపలి పొటాషియం క్షయమై కొత్త ఆర్గాన్ ఊరుతూ ఉంటుంది, అది ఇటు చేరుతుంటే అటు పోతుంటుంది. చంద్రయాన్-2లోని చేస్-2 పరికరం చూసిన ఆర్గాన్-40 ఇదే. చిల్లు కుండలో నీళ్ళు పోస్తున్నంతసేపూ అడుగున తడి ఉన్నట్టు.

#15 ఋషికొండ_రాత్రి (రాత్రి 8:15)

సెకనుకు 3 కిలోల హైడ్రోజన్ అంటే ఏడాదికి 95 వేల టన్నులు. అదంతా నీటి నుంచే వచ్చిందనుకుంటే మన సముద్రం ఎండిపోవాలి కదా? 450 కోట్ల ఏళ్ళకూ ఇదే రేటు వేసి చూస్తే సముద్రాల మట్టం 10 మీటర్లు తగ్గుతుంది. అంతే. సగటు లోతు 3,700 మీటర్లు.

#16 వాల్తేరు_అయాన్ (రాత్రి 9:05)

అంత తక్కువ కావడానికి కారణం ఎక్సోబేస్ దగ్గర లేదు, మన నెత్తిన 17 కి.మీ ఎత్తులో ఉంది. విశాఖ లాంటి ఉష్ణమండలపు ఊళ్ళ మీద ట్రోపోపాజ్ (మేఘాలు, వానలు ఉండే కింది పొరకు పైకప్పు) అక్కడుంటుంది, ఉష్ణోగ్రత మైనస్ 80 డిగ్రీల దరిదాపు. బంగాళాఖాతం నుంచి ఎంత ఆవిరి లేచినా అక్కడికి చేరేలోపే మంచై రాలిపోతుంది. పైకి దాటేది పది లక్షల్లో మూడు నాలుగు అణువులు. దీనికి మీథేన్ తెచ్చే హైడ్రోజన్ కొంత కలుస్తుంది. ఎక్సోబేస్‌కి అందే సరుకే అంత.

కాబట్టి సూర్యుడు రెచ్చిపోయి పై పొర 1500 కెల్విన్ అయినా హైడ్రోజన్ నష్టం దీర్ఘకాలంలో పెద్దగా పెరగదు. లాంబ్డా తగ్గుతుంది, దాంతోపాటే అక్కడ హైడ్రోజన్ సాంద్రతా తగ్గుతుంది. షీట్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే పెంచి సాంద్రత గడిని అలాగే వదిలేస్తే నష్టం ఊరికే ఉబ్బిపోయి కనిపిస్తుంది. జాగ్రత్త.

శుక్రుడికి ఈ మంచు మూత నిలవలేదు. నేల వేడెక్కి ఆవిరి పైదాకా చేరింది, హైడ్రోజన్ విరిగి పోయింది. ఈ రోజు అక్కడ మిగిలిన కాస్త నీటిలో డ్యుటీరియం (రెట్టింపు బరువున్న హైడ్రోజన్) వాటా భూమి మీదకంటే వందింతలకు పైగా ఉంది.

కుజుడి మీద మూత ఉంది గానీ, దుమ్ము తుఫాన్లు దాన్ని ఎత్తేస్తాయి. 2018లో గ్రహమంతా కమ్మిన తుఫానులో నీటి ఆవిరి చాలా పైకి చేరడం, హైడ్రోజన్ నష్టం పెరగడం నౌకలు చూశాయి.

#17 గాజువాక_గణితం (సోమవారం ఉదయం 6:55)

హైడ్రోజన్, ఆక్సిజన్, ఆర్గాన్ వరుసలు కుదిరాయి. హీలియం ఒక్కటే తేడా కొడుతోంది. లాంబ్డా 28కి వాటా 7 × 10⁻¹³. భూమి నుంచి హీలియం సెకనుకు 50 గ్రాములు పోతోందని చదివాను. ఎంత సాగదీసినా ఆ అంకె రాదు.

#18 ఎర్రమట్టిదిబ్బలు (ఉదయం 8:20)

రాకూడదు. రాళ్ళలోని యురేనియం, థోరియం క్షయమై హీలియం ఎడతెగకుండా గాలిలో చేరుతోంది. అయినా గాలిలో ఉన్నది పది లక్షల్లో 5.24 పాళ్ళే. మొత్తం 3.7 × 10¹² కిలోలు. దాన్ని సెకనుకు 50 గ్రాములతో భాగిస్తే 23 లక్షల ఏళ్ళు, అంతకంటే పాత హీలియం పెద్దగా నిలవదన్నమాట. అంటే ఏదో దారిన పోతోంది. వేడి ఒక్కటే అయితే లక్షల రెట్లు తక్కువ పోవాలి. పదో నంబరు పోస్టులో అయాన్ గారు చెప్పిన ధ్రువాల దారే హీలియందీ, అయాన్‌గా మారి పోతుంది. జీన్స్ సూత్రం దాన్ని చూడలేదు.

మీ షీట్‌లో ప్రతి వరుసకీ ఇంకో గడి పెట్టండి: "వేడికి పోతుందా, పగిలి పోతుందా, అయాన్‌గా పోతుందా". మొదటి జవాబు వచ్చిన వరుసలకే ఎక్స్‌పోనెన్షియల్ వాడండి. మిగతావాటికి ఆ గడి ఖాళీగా వదిలేయండి, సున్నా మాత్రం పెట్టకండి.

#19 లాసన్స్‌బే_లాంబ్డా (ఉదయం 8:41)

డ్యుటీరియం వరుస కూడా చేర్చండి. ద్రవ్యరాశి 2.014. భూమి ఎక్సోబేస్ దగ్గరే లాంబ్డా 14 వస్తుంది. రెండింటికీ సాంద్రత సమానం అనుకుని (1 + లాంబ్డా), వేగం తేడా కలిపి చూస్తే మామూలు హైడ్రోజన్ 800 పోతే ఇది ఒకటి పోతుంది. శుక్రుడి మీద ఏది ఎందుకు మిగిలిందో గడిలోనే కనిపిస్తుంది.

#20 గాజువాక_గణితం (ఉదయం 9:02)

చేర్చాను. 840 దరిదాపు వచ్చింది. ఖాళీ గడులకు పసుపు రంగు వేశాను, సాయంత్రం షీట్ ఇక్కడే పెడతాను.